డిమ్మని చెప్పే మనిషి

మా ఊళ్లో కరెంటు ఉంటుంది, పోతుంది, లేదంటే డిమ్ముంటుంది. మొదటి రెండూ చెప్పడానికి పెద్ద తెలివితేటలు అక్కర్లేదు. మూడోది చెప్పడానికే ఒక మనిషి కావాలి. నేను మక్తల్ దగ్గర ఒక బడిలో తెలుగు చెప్తాను. మాటల వెంట పడడం నాకు ఆ ఉద్యోగం రాక ముందు నుంచీ ఉన్న జబ్బు. కానీ ఈ డిమ్ము వెంట పడినన్ని రోజులు ఇంకే మాట వెంటా పడలేదు. దానికి కారణం మా బాపు, అంటే మా నాన్న.

ఆ మాట ఇంగ్లీషు నుంచి వచ్చిందని నాకు తెలుసు. ఇంగ్లీషు ఒక్క ముక్క రాని మా అవ్వ మాత్రం దాన్ని పుట్టింటి నుంచి తెచ్చుకున్న సామానులా వాడేది. "ఇయ్యాల పాణం జర డిమ్మున్నది బిడ్డా" అని పొద్దున్నే మళ్లీ దుప్పటి కప్పుకునేది. జ్వరం లేదు, నొప్పి లేదు, మనిషి ఉంది, పూర్తిగా లేదు. మా అమ్మ చాయ్ పలుచనైతే డిమ్మంటుంది. బర్రె ఒక పూట పాలు తక్కువిస్తే బర్రె డిమ్ము. మా చిన్నమ్మ, అంటే బాపు తమ్ముడి భార్య, నన్ను చూడ్డానికి వచ్చిన ఒక పిల్లవాణ్ణి అరగంట సేపు గమనించి, వాళ్లు గడప దాటగానే, "పిలగాడు మంచోడే, జర డిమ్ము" అంది. ఆ సంబంధం అక్కడితో ఆగిపోయింది. నాకూ పెద్దగా బాధ కలగలేదు.

మక్తల్‌లో మా బడి పిల్లలు ఈ మాట వాడరు. ఫ్యాను నెమ్మదించగానే "కరెంటు సన్నగైంది టీచర్" అంటారు. బాగానే ఉంటుంది, కానీ అందులో బర్రె పట్టదు, పెళ్లికొడుకు పట్టడు. మా వాళ్ల మాటకు ఇంకొక పద్ధతి కూడా ఉంది. ఆరిపోయినదాన్ని ఎవరూ డిమ్మనరు. చచ్చినవాణ్ణి డిమ్మనరు. మళ్లీ ఎప్పటిలా అయ్యే వీలున్నదాన్నే అంటారు. అందుకే ఆ మాట విన్నప్పుడు మా ఊళ్లో ఎవరూ గాభరా పడరు, కాసేపు ఆగుతారు.

బావుల దగ్గర మాత్రం అది గాభరా పడాల్సిన మాటే. కరెంటు డిమ్మున్నప్పుడు మోటరు వేస్తే అది గుర్రుమంటుంది, వేడెక్కుతుంది, కాలిపోతుంది. కట్టంగూరుకు కాస్త లోపలికి ఉన్న మా ఊళ్లో, మా పొలాల మీద ఒకే ట్రాన్స్‌ఫార్మరుకు ఎనిమిది మోటర్లున్నాయి. రాష్ట్రం రాక ముందు కరెంటుకు వేళలుండేవి, ఆ వేళకు అందరూ ఒకేసారి మోటరు వేసేవాళ్లు. రాష్ట్రం వచ్చాక కొన్నేళ్లకు రోజంతా కరెంటు ఇచ్చారు. ఇక ఎవరికి వీలైనప్పుడు వాళ్లు వేసుకోవచ్చు. కానీ మనిషి బుద్ధి చూడండి, ఎప్పుడైనా వేసుకోమంటే ఎనిమిది మందికీ పొద్దున ఆరింటికే నీళ్లు కావాల్సొచ్చింది. లైను మొదట్లో ఉన్నవాళ్లకు పర్వాలేదు. చివరికొచ్చేసరికి కరెంటు నీరసపడిపోయేది. ఎవరు బందు పెడతారంటే, నా మోటరు నడవట్లేదంటే నాది నడవట్లేదని ప్రతివాడూ ఒట్టేసేవాడు. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాయం.

అప్పుడు మా వాళ్లు ఒక ఏర్పాటు చేసుకున్నారు. లైనులో అందరికన్నా చివరి మోటరు మా బాపుది. బోరు పక్కన పాతిన రాతి కడీకి మా స్టార్టరు డబ్బా ఉంది, దాని మీద వంద క్యాండిళ్ల బుగ్గ ఒకటి వేలాడుతుండేది. బల్బును మేము బుగ్గంటాము. డబ్బాకు వోల్టేజీ చూపించే ముల్లు కూడా ఉండేది గానీ, అది నాలుగు వందల దగ్గర ఎప్పుడో అతుక్కుపోయింది, తీగలు ఊడదీసినా అక్కడే నిలబడేది. బుగ్గ అట్లా కాదు. కరెంటు ఎంత ఉంటే అంతే వెలిగేది. చివరి మోటరు దగ్గర బాగుంటే లైనంతా బాగున్నట్టే. కాబట్టి పొద్దున మోటరు వేసే ముందు ఎవరైనా సరే బాపుకు ఫోను చేసి అడగాలి.

"అన్నా, బుగ్గ ఎట్లున్నది?"

బాపు దగ్గర మూడు జవాబులుండేవి. పాల లెక్కున్నదంటే వేసుకోవచ్చు. సొన లెక్కున్నదంటే, కోడిగుడ్డు సొన రంగన్న మాట, అప్పుడు ఇంకొకరు కొత్తగా వెయ్యకూడదు. మిరప్పండు లెక్కున్నదంటే ఇద్దరు వెంటనే బందు పెట్టాలి, ఎవరిద్దరన్నది వంతు ప్రకారం. బందు పెట్టమంటే పెట్టేవాళ్లు. ఎవరూ వచ్చి చూసుకునేవాళ్లు కాదు. బాపుకు ఊళ్లో ఏ పదవీ లేదు, మాట సాయానికి పిలిచే పెద్దమనుషుల్లో కూడా ఆయన లేడు. పొద్దున ఆరింటి నుంచి ఎనిమిదింటి దాకా మాత్రం ఆయన మాటే చెల్లేది. ఆ రెండు గంటలూ ఆయన నడక మారిపోయేదని అమ్మ నవ్వేది. ఫోను రెండోసారి మోగితే గానీ ఎత్తేవాడు కాదట.

ఈ మాటలో ఆయనకు కలిసొచ్చేదేమీ లేదు. ఒక్కోసారి మిరప్పండని చెప్పి ముందు తన మోటరే బందు పెట్టేవాడు. అందుకే ఆయన్ను నమ్మారు.

ఇక నా ఘనకార్యం చెప్తాను. మొన్న యాసంగి నాట్లప్పుడు, అంటే చలికాలపు పంటప్పుడు, నేను రెండు రోజుల సెలవు మీద ఇంటికి వచ్చాను. ఆ ముందు వారం చినుకులకు బావి దగ్గర బుగ్గ పగిలిపోయిందని, కట్టంగూరులో పాత రకం బుగ్గలు దొరకడం కష్టమైందని, పోయి వెతకాలని బాపు అంటున్నాడు. నాకు ఓపిక తక్కువ. ఈ కాలంలో ఆ బుగ్గలేమిటి, వెలుగు తక్కువ, వేడెక్కువ, చినుకు పడితే చాలు ఠప్పుమంటాయని, ఒక పాఠం చెప్పాను. నా సంచిలో మా అద్దింటి కోసం మహబూబ్‌నగర్‌లో కొన్న ఎల్‌ఈడీ బల్బు ఉంది. తెల్లటిది, కొత్తది. దాన్ని తీసిచ్చాను. బాపు దాన్ని అటూ ఇటూ తిప్పి, అరచేతిలో తూచి చూసి, "గింత అల్కగున్నదేంది" అన్నాడు. మర్నాడు పొద్దున దాన్ని పెట్టి వెలిగించాడు. చేను ఆ చివరిదాకా కనబడింది. నేను చాలా సంతోషించాను.

అప్పటి నుంచి మా లైనులో కరెంటు బాగుపడింది. పొద్దున ఎవరు అడిగినా బాపు పాల లెక్కున్నదనే చెప్పాడు. వారం రోజులు, పది రోజులు, పాలే పాలు. సబ్‌స్టేషన్‌లో ఏదో పెద్ద మిషను దించారని ఊళ్లో అనుకున్నారు. ఆ మిషను తెస్తున్న లారీని హైవే మీద చూసినవాడు కూడా ఒకడు తేలాడు. నీళ్లు మాత్రం సన్నగా పోస్తున్నాయి. భూమిలో నీళ్లు అడుగంటుతున్నాయనుకున్నారు, యాసంగిలో అది మామూలే కదా. ఎనిమిది మోటర్లూ పొద్దున్నే కలిసి నడిచాయి.

శివరాత్రి పోయిన వారానికి అమ్మ ఫోను చేసింది. "మోటరు కాలిందే" అంది. రెండు రోజుల కింద పొద్దున బాపు మోటరు, దాని ముందున్న చిన్నమ్మ మోటరు, రెండూ ఒకే గంటలో కాలిపోయాయి. చిన్నాయన లారీ మీద పోతాడు కాబట్టి ఆ సేద్యమంతా చిన్నమ్మదే. ఆమె అడిగితే పాల లెక్కున్నదని బాపే చెప్పాడు.

"బాపు ఏమంటున్నడు?" అని అడిగాను.

"ఏమంటడు. కండ్లు మసకేసినయంట. బుగ్గ రంగు సరిగ కనవడలేదంట. అందరికీ గదే చెప్పిండు."

నాకు గుండె చెరువైంది. బాపుకు అరవై నిండలేదు. కళ్లు పోవడమేమిటి, అదీ ఇంత తొందరగానా? మక్తల్‌లో నాకు తెలిసినవాళ్లందరినీ కళ్ల డాక్టర్ల గురించి అడిగాను. నా బుర్రకు మాత్రం ఒక్కసారి కూడా బుగ్గ తట్టలేదు.

మోటర్లు రెండూ పైకి గుంజి, కట్టంగూరులో వైండింగు చేయించి, మళ్లీ దించడానికి పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ మిగతావాళ్లు తమ కాలువల నుంచి ఈ రెండు మళ్లకూ వంతులేసి నీళ్లు వదిలారు. చేను బతికింది. ఒంటిపూట బళ్లు మొదలయ్యాక, శనివారానికి సెలవు పెట్టి, ఒక శుక్రవారం మధ్యాహ్నం బస్సెక్కి, జడ్చర్ల, కల్వకుర్తి, దేవరకొండ మీదుగా రాత్రికి ఇల్లు చేరాను. శనివారం పొద్దున ఐదున్నరకే లేచి బాపు వెంట బావి దగ్గరికి పోయాను.

ఆరైంది. ఫోను మోగలేదు. ఆరున్నరైంది. బాపు చొక్కా జేబులోంచి ఫోను తీసి చూసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. గట్టు మీద గడ్డి పీకాడు. నిజానికి పీకాల్సినంత గడ్డేమీ లేదక్కడ. పక్క మడిలో చిన్నమ్మ మోటరు నడుస్తోంది. ఆమె మమ్మల్ని చూసి చెయ్యి ఊపింది గానీ ఇటు రాలేదు.

"ఎవ్వరు చేస్తలేరా?" అన్నాను.

"కండ్లు కనవడనోన్ని ఏమడుగుతరు" అన్నాడు బాపు. కోపంగా అనలేదు. అట్లా అనకుండా తిట్టినా బాగుండేది నాకు. ఆయనకు ఊళ్లో ఉన్నదల్లా ఆ రెండు గంటల మాట, అది పోయింది. మడి ఎండితే వచ్చే ఏడు మళ్లీ నాటుకుంటాం. మాట పోతే ఏం నాటుతాం?

నేను ఊరుకునే రకం కాదు. ఆ పూటే నల్గొండకు కళ్ల దవాఖానకు పోదామన్నాను. బాపు వద్దన్నాడు, ఇంకోసారి చూద్దామన్నాడు, కడుపులో బాలేదన్నాడు. నేను వినలేదు. కళ్లు బాలేని మనిషి కాబట్టి కట్టంగూరు దాకా స్కూటీ నేనే నడిపాను. బాపు వెనక కూర్చుని "అగో గుంత", "అగో ఇంకోటి", "కుక్కున్నది సూడు" అని ముందే చెప్తూ వచ్చాడు. రెండు గుంతల్లో నేను పడ్డాను కూడా. అప్పుడైనా నాకు అనుమానం రావాలి. తెలుగు పంతులమ్మను కదా, మాటలు వినడమే గాని వాటి అర్థం పట్టించుకోను.

కట్టంగూరు నుంచి బస్సులో నల్గొండ చేరాం. దవాఖానలో గోడ మీద అక్షరాల పటం పెట్టి చదవమన్నారు. బాపు మొదటి రెండు వరుసలూ తడబడుతూ చదివాడు. మూడో వరుసలో ఒక అక్షరం తప్పు చెప్పాడు. డాక్టరమ్మ మంచి మనిషే గానీ, "ఆ వయసుకు ఆ మాత్రం కనబడితే గొప్పేలెండి" అంది. అంతే, బాపులో ఏదో లేచింది. కుర్చీలో నిటారుగా కూర్చుని, మిగతా వరుసలన్నీ గడగడా చదివి, అడుగున ఆ పటం అచ్చేసినవాళ్ల ఊరి పేరు కూడా చదివాడు. అది పరీక్షలో లేదు. ఆ తరువాత రంగుల పరీక్ష కూడా చేశారు. ఎరుపు, పసుపు, నారింజ, అన్నీ సరిగ్గా చెప్పాడు. వరసగా కూర్చున్నాం కదా అని నాకూ చూశారు. బాపు కళ్లకు ఏమీ లేదని పంపారు. నాకు కళ్లజోడు రాసిచ్చారు.

తిరుగు బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. కళ్లు మంచిగున్న మనిషి సొననూ మిరప్పండునూ చూసి పాలని ఎందుకు చెప్పాడు? తన మోటరు నడుపుకోవడానికి అబద్ధమాడాడా? ఆ ఆలోచన వచ్చినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది, కానీ వచ్చింది. నాకే వస్తే ఊళ్లో వాళ్లకు రాదా? ఫోను అందుకే మోగడం లేదేమో అనుకున్నాను.

కట్టంగూరులో దిగాక స్కూటీ కోసం వైండింగు దుకాణం దగ్గరికి పోయాం. బండి అక్కడే పెట్టాము. దుకాణం నడిపేది ఒక పెద్ద భాయ్, నా చిన్నప్పటి నుంచీ మా మోటర్లన్నీ ఆయన చేతి కిందే బతికి బయటపడ్డాయి. చాయ్ తెప్పించాడు. నేను ఉండబట్టలేక అడిగేశాను. "భాయ్, బాపు కండ్లు నాకన్న మంచిగున్నయంట. మరి బుగ్గ రంగు ఎట్ల తప్పు చూసిండు?"

"బుగ్గ ఏం బుగ్గ పెట్టిండ్రు బిడ్డా?" అన్నాడాయన, నేను క్లాసులో జవాబు తెలిసే పిల్లలను అడిగినట్టు.

"ఎల్‌ఈడీ. తెల్లది."

భాయ్ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. దుకాణంలో కరెంటు తగ్గించడానికీ పెంచడానికీ తిప్పే బిళ్ల ఉన్న ఇనుప పెట్టె ఒకటి ఉంటుంది, బాగైన మోటర్లను దాని మీదే పరీక్షిస్తాడు. దానికి పాత వంద క్యాండిళ్ల బుగ్గ ఒకటి, ఎల్‌ఈడీ ఒకటి పక్కపక్కన తగిలించి, బిళ్ల మెల్లగా వెనక్కి తిప్పాడు. పాత బుగ్గ పాల రంగు నుంచి సొన రంగుకు దిగింది. ఇంకా తిప్పాడు. ఎర్రబడింది, లోపలి తీగ ఒక్కటే మిరప్పండులా కనబడింది. ఎల్‌ఈడీ మొదట ఎంత తెల్లగా ఉందో అంతే తెల్లగా ఉంది.

"దీనికి డిమ్ము తెల్వది" అన్నాడు భాయ్. "సగం కరెంటొచ్చినా గిట్లనే ఎలుగుతది. ఇంట్ల పెట్టుకుంటే బంగారం అసుంటిది. బావికాడ పెడితే మోటరును ముంచుతది. గీ యాసంగిల నాకు గిట్ల వచ్చిన మోటర్లు మీయి రెండే గాదు." ఇంకేదో చెప్పబోయి బాపు వైపు చూసి ఆగిపోయాడు. బాపు మాకు వీపు తిప్పి రోడ్డు మీద పోయే లారీలను చూస్తున్నాడు.

ఈసారి బండి బాపే నడిపాడు. ఊరి మలుపు దగ్గర నేను ఆపమన్నాను.

"నీకు తెల్సా?" అని అడిగాను.

"ఏది?"

"బుగ్గ సంగతి."

బండికి స్టాండు వేశాడు. "మోటరు గుంజిన నాడే తెల్సింది. ఏం బుగ్గని భాయ్ అడిగిండు, నేను చెప్పిన. నకిరేకల్ పోయి పాతది తెచ్చి పెట్టిన." నేను పొద్దున అంతసేపు బావి దగ్గరున్నాను. డబ్బా మీద ఏ బుగ్గ ఉందో తలెత్తి చూడలేదు. నా కళ్లజోడు చీటీ సంచిలోనే ఉంది.

"మరి కండ్లు మసకేసినయని ఎందుకు చెప్పినవ్?"

"చెప్పిన. గంతే."

"నా పేరు చెప్తే ఏమైతుండె?"

"నువ్వు ఎవరితో అనకు" అన్నాడు. "సదువుకున్న పిల్ల అంటరు నిన్ను ఊర్ల. బుగ్గ గురించి గూడ నిన్నే అడుగుతరు రేపు. ఉండనీ." బండి మళ్లీ నడిపాడు. నేను వెనక కూర్చుని ఇల్లు వచ్చేదాకా ఏడుపు ఆపుకున్నాను. మంచికి పోయి చేసిన పని నాది, మాట పోయింది ఆయనది. ఆ లెక్క నాకు ఎటు తిప్పినా సరిపడలేదు.

బాపు అనొద్దన్న పని చెయ్యడంలో నాకు చిన్నప్పటి నుంచీ అనుభవం ఉంది. ఆదివారం పొద్దున ఆరు గాకముందే నేనొక్కదాన్నే ట్రాన్స్‌ఫార్మరు దగ్గరికి పోయాను. బుగ్గ అడగడం మానేసినప్పటి నుంచి లైనులో వాళ్లంతా పొద్దున అక్కడ చేరి, మోటరు చప్పుడు విని అంచనా కట్టి, వంతులు మాట్లాడుకుంటున్నారని అమ్మ చెప్పింది. నేను పోయేసరికి అరడజను మంది ఉన్నారు. చిన్నమ్మ పార మీద చెయ్యి వేసుకుని నిలబడింది. ట్రాన్స్‌ఫార్మరుకు దగ్గరగా మొదటి మోటరున్న కాక బీడీ ముట్టిస్తున్నాడు.

నేను క్లాసులో పాఠం మొదలు పెట్టినట్టే మొదలు పెట్టాను. బుగ్గ నేను తెచ్చానని చెప్పాను. ఆ బుగ్గ డిమ్మును చూపించదని చెప్పాను. బాపు కళ్లు మంచిగానే ఉన్నాయని, దవాఖానలో చూపించానని, ఆయన మోసం చెయ్యలేదని చెప్పాను. నా పేరు రావద్దని ఆయన అట్లా చెప్పాడని కూడా చెప్పేశాను. చెప్పడం అయిపోయాక ఏం చెయ్యాలో తెలియక అట్లాగే నిలబడ్డాను.

కాక బీడీ పొగ వదిలి, "మోసమని ఎవలన్నరు బిడ్డా?" అన్నాడు.

"ఎవ్వరు అనలేదు. మరి ఎందుకు అడుగుతలేరు బాపును?"

కాక చిన్నమ్మ వైపు చూశాడు. చిన్నమ్మ నా దగ్గరికి వచ్చింది.

"మోటరు కాలిన మూడో దినం మీ బాపు ఆ తెల్ల బుగ్గ విప్పుతాంటే నేను మా మడిలకెల్లి చూసిన" అంది. "పాతది పెట్టిండు, తెల్లది అంగి కింద దాసుకొని ఇంటికి పట్టుకపోయిండు. అగో, బుగ్గల ఏదో ఉన్నదని అప్పుడే ఎర్కైంది. ఆ బుగ్గ నువ్వు తెచ్చినవని మీ అమ్మ ఎన్నడో చెప్పింది నాకు. గీళ్లందరికి నేను చెప్పిన."

"మరి తెల్సినంక గూడ..."

"ఆయన ఇంటింటికి వచ్చి నా కండ్లే మసకేసినయన్నడు. బిడ్డ పేరు రావద్దని ఒక మనిషి గుడ్డోడైతాంటే, లేదు నీకు కండ్లున్నయని మేమెట్లంటం? కండ్లు లేవన్నోనికి ఫోను చేసి, బుగ్గ ఎట్లున్నదని ఎట్లడుగుతం?"

నేను ఏడ్చాను. అరడజను మంది ముందు, చదువుకున్న పిల్లను, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ ఏడ్చాను. చిన్నమ్మ నా వీపు మీద రెండు దెబ్బలు వేసింది, ఓదార్పుకు అవి కొంచెం గట్టివే.

అప్పుడే బాపు గట్టు మీద నుంచి వచ్చాడు. నన్ను చూశాడు, అందరినీ చూశాడు. నేను ఆయన మాట జవదాటానని అర్థమైంది, మొహం ముడుచుకుంది. కాక బీడీ నేలకు రాసి ఆర్పాడు.

"అన్నా" అన్నాడు బాపుతో, మామూలుగా. "ఐదు నడుస్తున్నయి. ఇంక రెండు ఎయ్యాలె. ఏద్దమా?"

మా డబ్బా అక్కడికి రెండు మళ్ల అవతల ఉంది. బాపు నిలబడ్డ చోటు నుంచే మెడ కొంచెం పక్కకు వంచి అటు చూశాడు. నాకు అక్కడ డబ్బా కూడా కనబడలేదు.

"అద్దగంట ఆగున్రి" అన్నాడు.

అందరూ ఆగారు.